తొలి రాయి తల్లిది

కంబళి మీద కూర్చుని అబద్ధమాడినవాళ్లు మా ఊళ్లో ఇద్దరే ఇద్దరు. మొదటివాడు మా తాతకు తాత కాలంలో గొర్రెలు దొంగిలించి, లేదని బొంకినవాడు. వాడి పేరు ఇప్పుడెవరికీ గుర్తు లేదు. రెండోదాన్ని నేను. నా పేరు పాంచాలి. నా పేరు మాత్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

మా ముత్తునాయకన్‌పట్టికి రావాలంటే ఉడుమలపేట నుంచి పళని పోయే బస్సులో మధ్యలో దిగి రెండు మైళ్లు నడవాలి. అరవై గడపలుంటాయి. నాలుగైదు వందల ఏళ్ల కిందట తెలుగు సీమ నుంచి వచ్చినవాళ్లం అంటారు. వచ్చేటప్పుడు ఆవుల్ని, జక్కమ్మ తల్లిని, ఒక నల్ల గొర్రెబొచ్చు కంబళిని తెచ్చుకున్నారట. ఆవులు పోయి మోటారుసైకిళ్లు వచ్చాయి. జక్కమ్మ, కంబళి మిగిలాయి. ఊళ్లో ఏ తగవొచ్చినా పోలీసు స్టేషను మెట్లెక్కరు, కంబళి పరుస్తారు. దాని మీద కూర్చున్న మనిషి ఔను అనాలి, లేదంటే కాదు అనాలి. మధ్యలో ఇంకో మాట లేదు, అన్నమాట వెనక్కి తీసుకోవడం లేదు. నిజం పూర్తిగా తెలిసినవాళ్లకు మంచి పద్ధతే. నాలాగ సగం తెలిసినవాళ్ల గతేమిటో ఆ పెద్దలకు తట్టలేదు.

నేను కోయంబత్తూరులో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. చేసుకోవడానికి ఎవరూ దొరక్క కాదు, దొరికినవాళ్లను చూసి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ పోయేదాకా నన్ను దెప్పుతూనే ఉంది. పీళమేడులో ఒక గది, ఒక బాల్కనీ నా సంసారం.

తమ్ముడు ఈశ్వరన్ ఊళ్లోనే ఉన్నాడు. నాలుగెకరాల మొక్కజొన్న, కొన్ని కొబ్బరిచెట్లు ఉన్నాయి గానీ వాడి ప్రాణమంతా రాళ్ల మీదే. వాన వెలిశాక చేనుగట్ల మీద తల వంచుకుని తిరగడం మా ఇంటి మగవాళ్ల జబ్బు. మా వైపు నేలలో చంద్రకాంతాలూ అవీ పైకి తేలతాయి, కాంగేయం వ్యాపారులు వచ్చి కొనుక్కుపోతారు. రాయి దొరకగానే మా వాళ్లు చేసే మొదటి పని దాన్ని నాకడం. తడి తగిలితేగానీ రాయి రంగు బయటపడదు. మా తాత నాకాడు, మా నాన్న నాకాడు, వీడూ నాకుతాడు. చిన్నప్పుడు నేనూ నాకాను.

రెండేళ్ల కిందట వాడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఏదో చలిదేశంలో గడ్డం మనిషి ఒకడు చీకట్లో ఊదారంగు దీపం పట్టుకుని నడుస్తుంటే, పనికిరాని గులకరాళ్లు నిప్పుకణికల్లా వెలుగుతున్నాయి.

"అక్కా, ఇట్లాంటి లైటు మీ ల్యాబులో ఉండాదా?" అని అడిగాడు.

"ఎందుకు లేదురా" అని గొప్పకు పోయి, మర్నాటికల్లా మంచి అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొని తెచ్చి వాడి చేతిలో పెట్టాను. ఈ కథలో ఎవరినైనా తిట్టాలనిపిస్తే వరసలో ముందు నన్నే నిలబెట్టండి.

ఆ దీపానికి చీకటి కావాలి. మా ఊరి పడమట మూతపడిన క్వారీ ఉంది. ఒకప్పుడు పలుగురాయి, కాకిబంగారం తవ్వారు. రాత్రిపూట ఆ గుంతలోకి దిగితే రక్తపింజర్లు ఊరుకోవు. అందుకని తమ్ముడు ఒక ఉపాయం కనిపెట్టాడు. మిట్టమధ్యాహ్నం గుంతలోకి దిగి, గొర్రెలకాపరులు కప్పుకునే మందపాటి నల్ల కంబళిని నెత్తి మీద నుంచి రాతిగోడకు ఆనించి కప్పుకుంటాడు. కంబళి లోపల అమావాస్య, బయట ఎండ. అంగుళం అంగుళం గోడ వెంట జరుగుతూ వెతుకుతాడు. చూసినవాళ్లు గోడకు ఎలుగుబంటి అతుక్కుందనుకుంటారు.

వానలు మొదలైన కొత్తల్లో ఒకసారి నన్నూ ఆ కంబళి కిందకు రమ్మన్నాడు. చెమట, గొర్రె వాసన, రాతి ధూళి. ఊపిరి ఆడలేదు.

"కళ్లు అలవాటు పడనీ అక్కా. అవసరపడొద్దు, నిదానం."

మొదట వెలిగింది తేలు. పగుల్లో కూర్చుని పచ్చగా, తోకతో సహా, గాజుతో చేసినట్టు వెలిగింది. తమ్ముడు దాన్ని పుల్లతో పక్కకు తోసి దీపం ఇంకొంచెం పైకి జరిపాడు. అప్పుడు గోడ వెలిగింది. పలుగురాయి పగులు పొడుగునా చేపపొలుసులంత రేకులు, వందలు, వేలు. మామూలు వెలుతురులో అవి నిమ్మపండు పసుపు. దీపం కింద చూస్తే మాత్రం కంటికి చల్లగా, వంట్లో వణుకు పుట్టేటంత పచ్చ. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ పచ్చను ఇదివరకెక్కడో చూశాననీ అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు. వయసు అనుకున్నాను.

తమ్ముడు ఉలితో ఒక ముక్క విడగొట్టి, నేను నోరు తెరిచేలోగా నాకేశాడు.

"ఏ రుచీ లే" అని నవ్వాడు. వాడి పెదవి మీద పసుపు అంటింది.

ఆ ముక్కను అమ్మలేదు. మా ఇంట్లో వానలు మొదలయ్యాక దొరికిన తొలి రాయి తల్లిది. దాన్ని సామి గదిలో జక్కమ్మ పక్కన పెట్టి, ఏదో ఒక కోరిక మొక్కుకుంటారు. ప్రతి శుక్రవారం దానికి పాలు, పెరుగు, నిమ్మరసం పోసి అభిషేకం చేసి, ఆ తీర్థం ఇంటిల్లిపాదీ తాగుతారు. కోరిక తీరేదాకా రాయి ఆ గది గడప దాటకూడదు. మా నాన్న కాలంలో అది చంద్రకాంతమో, గాజులాంటి పలుగో అయ్యేది. కడుక్కుని తాగినా ఎవరికీ ఏమీ కాలేదు.

ఈసారి కోరిక ఏమిటో ఊరంతటికీ తెలుసు. తమ్ముడి కొడుకు జీవకు పెళ్లయి ఆరేళ్లు. వాడు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో సూపర్‌వైజరు, ఆదివారాలు వస్తాడు. వాడి పెళ్లాం ఆనంది రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోగొట్టుకుంది. మూడోసారి నెల తప్పింది సరిగ్గా ఆ రాయి ఇంటికొచ్చిన నెలలోనే. ఇక చెప్పేదేముంది? రాయి జక్కమ్మ అయిపోయింది.

ఆనందిని నేను ఊరికే ఇష్టపడలేదు. ఆ ఇంట్లో నన్ను చూసి కుర్చీ జరిపే మనిషి ఆ పిల్లొక్కతే. డిగ్రీ చదివింది, పుస్తకాలు అడిగి పట్టుకెళ్లేది. రెండోసారి పోయినప్పుడు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, ఏడవకుండా, గోడకేసి చూస్తూ పడుకుంది. ఆ చెయ్యి బరువు నాకు ఇంకా తెలుస్తుంది. అందుకే ఈ బిడ్డ దక్కాలని ఏ దేవుడికీ దణ్ణం పెట్టని నేను లోపల్లోపల అందరికీ పెట్టాను.

ఆనందికి ఆరో నెల. ఒక శుక్రవారం తొలి బస్సుకే ఊరెళ్లాను. తెల్లవారుజామున తలంటుకుని, జుట్టు ఆరకుండానే బయల్దేరాను. సామి గదిలో అభిషేకం అయింది. రాయిని చేతిలోకి తీసుకుని చూశాను. మొదట్లో దాని ఒంటి నిండా పసుపు ఉండేది, ఇప్పుడు సగం తెల్లగా బయటపడింది. నా వేళ్లకు సన్నటి పసుపు పొడి అంటింది.

"తల్లి కరిగి మనకే వస్తుండాది వదినె" అంది మరదలు రాజమ్మాళ్, మురిసిపోతూ.

ఈశ్వరన్ నాకు ఒక వింత చూపిస్తానన్నాడు. తలుపు మూసి, దీపం ఆర్పి, నేనిచ్చిన టార్చి వెలిగించాడు. రాయి పచ్చగా వెలిగింది. అది నాకు తెలిసిందే. తరువాత వాడు టార్చిని పక్కనున్న గాజుగ్లాసు మీదకు తిప్పాడు. అందులో పాలు, పెరుగు కడిగేశాక పట్టిన నిమ్మరసం, నీళ్ల తీర్థం ఉంది. అదీ వెలిగింది. రాయంత కాదు, మందంగా, అడుగునుంచి పైదాకా ఒకే పచ్చ.

"చూడక్కా, తల్లి నీళ్లలోకి దిగింది" అన్నాడు తమ్ముడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ పచ్చ. మా ల్యాబులో తాళమేసిన బీరువా ఒకటుండేది. అందులో లేతపసుపు ఉప్పున్న చిన్న సీసా. దాని మీద యురేనియం అని రాసుండేది. ఏడాదికొకసారి ప్రొఫెసరు దాన్ని తీసి, ఒట్టి చేత్తో ముట్టుకోవద్దని పిల్లలకు పదిసార్లు చెప్పి, ఊదా దీపం కింద పెట్టేవాడు. ఇదే పచ్చ. ఆ పూట సీసా తుడిచిన గుడ్డ కూడా నన్ను పారేయనిచ్చేవాడు కాదు, విడిగా మూటగట్టించేవాడు. ఆ సీసాలోది నిమ్మరసంలో కలిపి మా ఇంట్లో ఆర్నెల్లుగా తాగుతున్నారు.

ఆనంది ఆ గ్లాసు అందుకుంది. "ఇది తాగొద్దు" అని ఆ పిల్లతో అన్నాను. "అమ్మణ్ణీ, ఆ గ్లాసు కింద పెట్టు. ఇది విషం లాంటిది."

రాజమ్మాళ్ మొహం మాడిపోయింది. "వదినె, కడుపుతో ఉండే పిల్ల ముందర అట్లాంటి మాట అనొద్దు. నువ్వు కని పెంచినదానివి కాదు, నీకు తెలదు."

ఆ మాట నాకు కొత్త కాదు. కొత్త కాకపోయినా ప్రతిసారీ అదే చోట తగులుతుంది. ఆనంది గ్లాసు అంచు మీదుగా నా వైపు చూసి, అత్త చూస్తుండగా తాగేసింది.

తరువాతి మంగళవారం మా కాలేజీలో నా చోట్లోకి వచ్చిన రంజనిని బతిమాలి, రేడియేషన్ కొలిచే కౌంటరు రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని స్విచ్ వేశాను. ఎప్పుడో ఒకసారి టక్కుమంది. వానచుక్కలు మొదలయ్యే ముందు రేకు మీద ఒకటి అరా పడ్డట్టు. మా ఇంటి వాకిట్లో కొంచెం ఎక్కువైంది. సామి గది గడప దగ్గర జోరువానైంది. రాయి పక్కన పెడితే టక్కుటక్కులు విడివిడిగా వినిపించడం మానేసి ఒకటే గీ మని రొద. వెనక కొట్టుగదిలో తమ్ముడు పోగుచేసిన అట్లాంటి రాళ్ల గోనెసంచి ఉంది. ఆ గది తలుపు తీయకముందే కౌంటరు అరిచింది.

"వింటున్నావుగదరా? రాయిలోనుంచి కంటికి కనపడనిది ఏదో వస్తోంది. దగ్గరుంటే ఒక చెడు. లోపలికి పోతే ఇంకా చెడు, కిడ్నీలు పోతాయి."

తమ్ముడు చేతులు జోడించి నిలబడ్డాడు. వాడి కళ్లలో నీళ్లు. "మిషన్ కూడా తల్లిని చూసి మాట్లాడుతుండాది అక్కా" అన్నాడు.

ఏడవాలో, వాణ్ని కొట్టాలో తెలియలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం వాడు. గంటసేపు వాదించాక చివరికి ఒక్క మాటన్నాడు. "నువ్వు చదివినదానివి. సరే, కంబళి మీద చెప్పు. నువ్వు ఔనంటే నేనే రాయి ఎత్తేస్తా."

ఇంతకన్నా ఏం కావాలనుకున్నాను. ఆదివారం ఊరి మందలో, అంటే ఊరంతా కూడే చోట, కంబళి పరిచారు. ఊరి పెద్ద దురైసామి మామకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది గానీ మాట తగ్గలేదు. నన్ను కూర్చోబెట్టి తిన్నగా అడిగాడు.

"ఈ తీర్థం తాగితే ఆ పిల్ల కడుపులో బిడ్డకు కీడు జరుగుతుందా? ఔనా, కాదా?"

నేను రాళ్ల గురించి, కిరణాల గురించి, కిడ్నీల గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పాంచాలీ. ఔనా, కాదా."

ఔను అనుంటే సరిపోయేది. రెండక్షరాలు. కానీ ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి కొలత పక్కనా ఇంత ఎక్కువో ఇంత తక్కువో అని రాయించిన చేతులివి. ఎంత కరిగిందో తెలియదు, ఎంత తాగారో తెలియదు, అందులో ఎంత బిడ్డదాకా పోతుందో చెప్పగల పరీక్ష నా దగ్గర లేదు. కీడు జరిగే ప్రమాదం ఉందని తెలుసు. జరుగుతుందని తెలియదు.

"జరగొచ్చు మామా" అన్నాను. "జరక్కపోవచ్చు. అందుకే వద్దంటున్నాను."

మందలో ఎవరో నవ్వారు. దురైసామి మామ కంబళి అంచు మడిచాడు. జరగొచ్చు అనే మాట కంబళికి అర్థం కాదు. అర్థం కాని మాట కాదుతో సమానం. పురుడయ్యేదాకా నేను తమ్ముడి గడప తొక్కొద్దని ఆడవాళ్లు తీర్మానించారు. నా నిజాయితీని నేనే తిట్టుకుంటూ బస్సెక్కాను.

ఆ తరువాత నేను చేయని పని లేదు. ఖనిజాల ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసరు క్యాంపులో ఉన్నారు, రాయి ముక్కతో పాటు అర్జీ ఇమ్మన్నారు. క్వారీ గోడకున్నదంతా తమ్ముడు అప్పటికే ఒలిచి సంచిలో వేశాడు. రాయి గడప దాటదు, నేను గడప దాటను. అర్జీ మాత్రం ఇచ్చాను. కలెక్టరు గ్రీవెన్సులో మరొకటి ఇచ్చాను. చూస్తాం అన్నారు. జీవకు ఫోన్ చేస్తే, "అత్తా, ఆరేళ్లకు వచ్చిన బిడ్డ, అమ్మను కాదని నేనేమి చేస్తా" అని గొణిగాడు. ఆనందికి చేస్తే ఫోను ఎప్పుడూ స్పీకరులోనే.

"బాగుండా పెద్దమ్మా" అనేది. వెనక రాజమ్మాళ్ దగ్గు వినిపించేది. "తాగుతున్నావా?" అని అడగలేను. "జాగ్రత్త అమ్మణ్ణీ" అని పెట్టేసేదాన్ని.

ఒక్కో శుక్రవారం ఒక్కో రాయిలా నా గుండె మీద పడింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో శుక్రవారం సాయంత్రం తమ్ముడే ఫోన్ చేశాడు.

"ఆనందికి కాళ్లు, మొహం రొంబ వాచినాయి అక్కా. మూత్రంలో ప్రొటీన్ పోతుండాదంట. బీపీ కూడా ఉండాదంట. డాక్టరమ్మ రెస్టు తీసుకోమన్నది. ఇంగో రెండు నెలలు గదా, తల్లి చూసుకుంటుంది. ఇకమీద దినమూ తీర్థం పొయ్యమన్నాడు దురైసామి మామ."

కడుపుతో ఉన్నవాళ్లకు కాళ్లు వాయడం, ప్రొటీన్ పోవడం మామూలుగానూ ఉంటుంది. రాయి వల్ల కాకపోవచ్చు. ఆ కాకపోవచ్చు అనే మాట మీద నాకు అసహ్యం పుట్టింది. అది పట్టుకునే నేను నాలుగు శుక్రవారాలు పోగొట్టాను. రాత్రి నిద్రపోలేదు. నిజానికి వాళ్ల దగ్గర చోటు లేదు, సరే. అబద్ధానికైతే చోటుంది. ఆ కంబళికి ఏ మాట అర్థమవుతుందో నాకు తెలియనిది కాదు, నేనూ ఆ ఊళ్లోనే పుట్టాను.

ఆదివారం వెళ్లి, కంబళి పరచమని నేనే అడిగాను. తమ్ముడి వాకిట్లోనే పరిచారు, ఊరంతా వచ్చింది. ఆనందిని ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నేను కంబళి మీద కూర్చున్నాను. దాని బొచ్చు చీరలోంచి గుచ్చుకుంది.

"ఆ శుక్రవారం నేను సామి గదిలో రాయి చేత్తో పట్టుకుంటి" అన్నాను. "ఆ పొద్దున కోయంబత్తూరులో ఒక చావింటినుంచి నేరుగా వచ్చినా. తలకు పోసుకోలే. ఆ మైలతోనే తల్లిని ముట్టినా."

ఏ చావూ లేదు. ఆ రోజు తలంటుకునే వచ్చాను. దురైసామి మామ మసకబారిన కళ్లు నా గొంతు వైపు తిప్పాడు.

"తెలిసే ముట్టితివా? ఔనా, కాదా?"

"ఔను" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

రాజమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడు నా మొహం కూడా చూడలేదు. అది నన్ను కోసేసింది, అయినా ఓర్చుకున్నాను. తీర్పు నేననుకున్నట్టే వచ్చింది. మైలపడిన రాయి ఇంట్లో ఉండకూడదు. దానితో పుట్టిన రాళ్లు, ఆ గోనెసంచి, అవీ ఉండకూడదు. నేను కంబళి దిగిపోయినదాన్ని. ఇకమీదట ఈ ఊళ్లో నా మాట మాట కాదు, నా చేతి నీళ్లు నీళ్లు కావు. పుట్టబోయే బిడ్డను నాకు చూపించరు.

లేచి చెప్పులేసుకున్నాను. ఏడుపొచ్చింది, దాని కింద ఒక గర్వం కూడా ఉంది. బిడ్డ బతుకుతుంది, చాలు అనుకున్నాను. పోతూ ఆనంది కుర్చీ పక్కనుంచి నడిచాను. ఆ పిల్ల వంగి, కాలు సవరించుకుంటున్నట్టు నటిస్తూ, పెదవి కదలకుండా మాట్లాడింది.

"ఏమిటికి చెప్పితివి పెద్దమ్మా. నువ్వు వద్దన్న ఆ దినమే కడసారి తాగినా. ఆ తరువాత ఒక్క చుక్క ముట్టలే. గ్లాసు వంచి కొంగులో పోసుకుని తడి చీరతోనే ఉండా. ఫోన్లో చెప్పేకి అత్త విడవలేదు."

నేను అక్కడే ఆగిపోయాను. ఒక్క మనిషి నా మాట విన్నది, ఆ మనిషే వినవలసిన మనిషి, అది నాకు తెలియలేదు. ఆ పిల్ల తెలివిని నేను నమ్మలేదు. నమ్మి ఊరుకుని ఉంటే ఈ పూట కంబళే లేదు.

వెనకనుంచి దురైసామి మామ గొంతు వినిపించింది. తీర్పు ఇంకా అయిపోలేదు.

"మైలపడినా తల్లి తల్లే. బయట పారేస్తే ఏ కాంగేయం వాడో ఏరుకుని అమ్ముకుంటాడు. రాళ్లన్నీ రోట్లో దంచి పొడి చెయ్యండి. ఊరు తాగే బావిలో కలపండి. పైన వంద నిమ్మకాయలు పిండండి. ఒక ఇంటి మైల ఒక ఇల్లే మొయ్యలేదు. అరవై ఇండ్లూ తలా ఒక గుక్క మోస్తే అది కరిగిపోతుంది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"మామా, బావిలో వద్దు" అన్నాను. "నేను చెప్పినది అబద్ధం. చావు లేదు, మైల లేదు. రాయిని అట్లాగే ఇంట్లో పెట్టుకోండి, తీర్థం చేసుకోండి, దంచొద్దు, బావిలో వెయ్యొద్దు."

ఎవరూ తల తిప్పలేదు. పక్కనున్న ఆడవాళ్లు వంటల గురించి మాట్లాడుకుంటున్నారు. కంబళి దిగినవాళ్ల మాటకు చెవి ఇవ్వకూడదు. చిన్నప్పటినుంచి నాకూ అదే నేర్పారు.

తమ్ముడు గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. సామి గది రాయిని పళ్లెంలో తెచ్చి అందులో కలిపాడు. వాకిట్లో రెండు రోళ్లు పెట్టారు. రాజమ్మాళ్, ఇంకో ముగ్గురు వంతులవారీగా రోకళ్లు వేశారు. పసుపు ధూళి లేచింది. పిల్లలు ఆ ధూళిలో చేతులు ఊపుతూ ఆడారు. నేను ఒక పిల్లను పట్టుకుని అవతలికి లాగితే, వాళ్లమ్మ వచ్చి నా చేతిలోంచి విడిపించి మళ్లీ అక్కడే వదిలింది.

పోలీసుకు ఫోన్ చేశాను. ఎవరో బావిలో విషం కలుపుతున్నారని చెప్పాను. ఏం విషం అని అరవంలో అడిగాడు అవతలి మనిషి. రాతి పొడి అన్నాను. ఏ రాయి అన్నాడు. సామి రాయి అన్నాను, ఇంకేమనాలో తోచక. అతను పేరు చెప్పమన్నాడు, బండి పంపిస్తామన్నాడు. వాళ్లు రావడానికి ముప్పావు గంట. బావికి ఇరవై అడుగులు.

బావి గట్టుకు అడ్డంగా నిలబడ్డాను. తమ్ముడు నెత్తిమీద గంప పెట్టుకుని వచ్చాడు. చిన్నప్పుడు వాణ్ని ఆ గట్టు మీద నుంచి పడకుండా లాగు పట్టుకుని ఆపింది నేనే.

"ఈశ్వరా, నీ మనవడు తాగే నీళ్లురా" అన్నాను.

వాడు నా భుజం మీద చెయ్యి వేసి, దారికి అడ్డొచ్చిన దూడను జరిపినట్టు జరిపాడు. కోపం కూడా లేదు ఆ చేతిలో. గంప వంచాడు. పొడి నీళ్ల మీద పసుపు చాపలా పరుచుకుని, మెల్లగా కిందకు దిగింది. దాని మీద నిమ్మకాయలు కోసి పిండారు. మోటారు వేస్తే నీళ్లు కలిశాయి. ఎండలో ఆ నీళ్లు మామూలు నీళ్లే. ఏమీ వెలగలేదు.

తొలి బిందె పైకి తోడారు. ఎక్కువ మైల ఎవరికి తగిలిందో వాళ్లే ముందు తాగాలన్నాడు దురైసామి మామ. రాజమ్మాళ్ ఇత్తడి చెంబు నిండా ముంచి, రెండు చేతులా పట్టుకుని కోడలి దగ్గరకు తెచ్చింది. సామి గది కాదది. అరవై ఇళ్ల వాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. కొంగులో వంచుకోవడానికి వీల్లేదు.

ఆనంది నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, ఎంత గట్టిగా ఊపగలనో అంత గట్టిగా. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తను చూసింది, మామను చూసింది, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని రెండో చేత్తో చెంబు ఎత్తింది. గుక్క గుక్కకూ గొంతు కదలడం నాకు కనిపించింది. చెంబు బోర్లించి చూపించమంటే బోర్లించి చూపించింది.

ఆమె వెనక పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారు.